గుహవాసులకు ఒక ఇంటిపేరు

బుధవారం సాయంత్రం నాలుగున్నరకు మ్యూజియంలో అక్క ఒక గాజు సీసా మూత తీసి, లోపల స్పిరిట్ అంగుళం మేర తగ్గిందని చూసి, గరాటు పెట్టి నింపింది. మూత బిగించింది. కొత్త చీటీ మీద తేదీ పెన్సిలుతోనే రాసింది. స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది, పెన్సిలు గీత కరగదు. సీసాను అరలో దాని చోట పెట్టి, చేతులు కడుక్కుని, గొడుగు తీసుకుని బస్సెక్కి ఇంటికి వచ్చింది. గురువారం పొద్దున పైగది తలుపు తెరుచుకోలేదు. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. మిగతావాళ్ళకు అది ఆగకుండానే ప్రాణం పోతుందన్నట్టు.

సంతాపసభ మ్యూజియం కింది హాల్లో, గడ్డి కూరిన ఏనుగు పక్కన పెట్టారు. డైరెక్టరుగారు ముప్పావుగంట మాట్లాడారు. "పీతల మీద నలభై ఏళ్ళు అవిశ్రాంతంగా కృషి చేసిన ఆ మహామనీషి లేని లోటు తీరనిది" అన్నారు. ఆమె పనిచేసింది ముప్ఫై ఒక్క ఏళ్ళు. పీతను ఆమె ముట్టుకున్న పాపాన పోలేదు.

ముందు వరుసలో తమ్ముడు కూర్చున్నాడు. పక్కన స్టోర్ కీపరు అతని చెవి దగ్గరకు వంగాడు.

"పీతలు కాదు కదండీ?"

"కాదు."

"మరి చెప్పరే?"

"ఎందుకులెండి. ఆవిడే వచ్చి దిద్దుకుంటుంది."

తమ్ముడు పుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఒకరు రాసినదాంట్లో తప్పులు ఏరడం అతని బతుకుతెరువు, సరదా, జబ్బు కూడా. ఆ రోజు డైరెక్టరుగారి ప్రసంగంలో పదకొండు తప్పులు లెక్కపెట్టాడు. మనిషి పోయినప్పుడు ఏడవలేనివాళ్ళకు ఏదో ఒక పని ఉండాలి కదా.

ఇంతకీ ఆమె పనిచేసింది దేని మీదంటే, చుట్టాలెవరికీ సరిగ్గా తెలియదు. అడిగినవాళ్ళకు అక్క ఓపిగ్గా చెప్పేది. తడిరాయి ఎత్తితే కింద బూడిదరంగులో ఓ పురుగు కదులుతుంది చూశారా, అలాంటివే, కానీ నీళ్ళలో ఉండేవి, అదీ గుహల్లో. ఐసోపాడ్ అంటారు. బియ్యపు గింజంత ఉంటుంది. కళ్ళు లేవు. ఒంటికి రంగు లేదు. చీకట్లో ఎవరు చూడొచ్చారని రెండూ వదిలేసింది. నడవడానికి పద్నాలుగు కాళ్ళు, అవి చాలనట్టు పొట్ట కింద ఇంకో పది చిన్న కాళ్ళు.

"అయితే పురుగే కదా" అనేవాళ్ళు విన్నవాళ్ళు.

"పురుగు కాదు. రొయ్యకు పిన్నమ్మ కూతురనుకోండి."

"తింటారా?"

అక్కడితో ఆ సంభాషణ ముగిసేది. మ్యూజియంలో ఆమెను కాళ్ళ మేడమ్ అనేవారు. ఆమె ముందు కాదు, వెనకాల కూడా కాదు, సరిగ్గా ఆమెకు వినపడేంత దూరంలో.

అక్క ఉద్యోగం జంతువులకు పేర్లు పెట్టడమని తమ్ముడు చాలాకాలం అనుకున్నాడు. ఒక ఆదివారం పైగదిలో టీ తాగుతూ ఆమె సరిచేసింది.

"పేరు పెట్టడం ఎవరైనా పెడతారురా. ఇంటిపేరు నిలబెట్టడం కష్టం."

మనుషులకు మనం ఇంటిపేరు ముందు రాసి అసలు పేరు తర్వాత రాసినట్టే, ఆ శాస్త్రంలో ప్రతి ప్రాణికీ ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. ఇంటిపేరును వాళ్ళు ప్రజాతి అంటారు. ఒకే ఇంటిపేరు ఉన్నవన్నీ ఒకే తాత సంతానమని అర్థం. గుహల్లోని ఆ గుడ్డి జీవాలకు, బయట వాగుల్లో కళ్ళతో తిరిగే ఐసోపాడ్‌ల ఇంటిపేరే ఎప్పుడో తగిలించారు. తగిలించింది ఎవరో కాదు, ఇప్పటి డైరెక్టరుగారి గురువుగారు. హాల్లో ఏనుగుకు ఎదురుగా ఆయన ఫోటో ఉంటుంది. ఏనుగు కూడా ఆయనంటే కాస్త భయపడుతున్నట్టే కనిపిస్తుంది.

"అవీ ఇవీ ఒకింటివి కావు" అంది అక్క. "వేరే ఇల్లు. ఆ సంగతి రుజువు చేసి అచ్చు వేయిస్తే నా ఉద్యోగం అయిపోయినట్టే."

అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్ళు. ఆ ఒక్క వాక్యం కోసం ఇంకో ఇరవైరెండేళ్ళు పడుతుందని పాపం ఆమెకు తెలియదు. తమ్ముడికీ తెలియదు. తెలిసుంటే ఆ రోజే టీ కప్పు పడేసి పారిపోయేవాడు.

ఆమెకు అనుమానం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఆ పనివాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఐసోపాడ్‌ను పరీక్షించేటప్పుడు ఎడమవైపు కాళ్ళు మాత్రమే ఊడదీస్తారు. ఒక్కో కాలినీ గాజుపలక మీద పరిచి, పైన పల్చటి అద్దంముక్క అతికించి, మైక్రోస్కోపు కింద పెట్టి బొమ్మ గీస్తారు. కుడివైపు కాళ్ళను ముట్టుకోరు. రేపు ఎవడైనా వచ్చి "నువ్వు చూసింది అబద్ధం" అంటే చూసుకోవడానికి అవి ఉండాలి. ముందు తరం మీద నమ్మకం లేకపోవడాన్ని ఇంత మర్యాదగా ఏర్పాటు చేసుకున్న శాస్త్రం ఇంకొకటి ఉండదు.

మగదాని పొట్ట కింది రెండో కాలు ముఖ్యం. దాని కొస ఎటు మడిచి ఉందన్నదాన్ని బట్టే ఇంటిపేరు. గురువుగారి పుస్తకంలో, వాగులో దొరికిన జీవి కాలు కొస వెనక్కి మడిచి ఉంది. గుహలో జీవులకూ వెనక్కే. కాబట్టి అన్నీ ఒకే ఇల్లు. సరిపోయింది. నలభై ఏళ్ళు అందరూ అదే నమ్మారు.

అక్క ఒక మధ్యాహ్నం గురువుగారి వాగు జీవి పాత గాజుపలక తీసి చూస్తోంది. చీటీ మీద 'ఎడమ కాలు' అని ఉంది. పలక మీద ఉన్నది కుడి కాలులా కనిపిస్తోంది. ఆమె లేచి, గురువుగారి జీవి ఉన్న సీసా వెతికింది. మూత తీసి, చిన్న పట్టకారుతో దాన్ని వెల్లకిలా తిప్పింది. కుడి కాలు ఇంకా ఒంటికే ఉంది. దాని కొస గుహ జీవుల్లా వెనక్కి కాదు, ముందుకు మడిచి ఉంది.

గురువుగారు కాలిని పలక మీద బోర్లా అతికించారు. అంతే. చపాతీ తిరగేసినట్టు తిరగబడింది. ముందున్నది వెనకకు కనిపించింది. నలభై ఏళ్ళ శాస్త్రం దాని మీద పడుకుని నిద్రపోయింది.

ఆమె డైరెక్టరుగారి గదికి వెళ్ళి చెప్పింది. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా విన్నారు.

"గురువుగారి పలక తిరగబడిందా?"

"అవునండీ."

"మీకు కళ్ళు తిరుగుతున్నాయేమో చూపించుకున్నారా?"

అక్క కళ్ళు చూపించుకుంది. నిజంగానే. కళ్ళడాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టింది. చూపు బాగుంది. ఆ కాగితం ఆయన ఫైలులో ఇప్పటికీ ఉండాలి, ఎందుకంటే ఆయన ఏదీ పారేయరు, ఏదీ చదవరు. పలక సంగతి ఆమె మ్యూజియం వార్షిక నివేదికలో రెండు పేజీలు రాసింది. నివేదిక కింద డైరెక్టరుగారు సంతకం కూడా పెట్టారు. దాన్నిబట్టి ఆయన చదవలేదని తెలుస్తుంది.

మరి వెంటనే పెద్ద వ్యాసం రాసి కొత్త ఇంటిపేరు ప్రకటించొచ్చు కదా? తమ్ముడూ అదే అడిగాడు. ఇరవైరెండేళ్ళు అదే అడిగాడు. ప్రతి ఆదివారం మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, "పంపావా?" అనేవాడు. "చూస్తున్నానురా" అనేది ఆమె. తర్వాత టీ.

అడ్డం ఎక్కడంటే మూడో గుహలో. మొదటి రెండు గుహల్లో మగవీ ఆడవీ దొరికాయి. మూడో గుహలో ఆడవే దొరికాయి. వెళ్ళిన ప్రతిసారీ ఆడవే. మగదాని కాలు చూడకుండా ఇంటిపేరు ఇవ్వడానికి లేదు. కళ్ళూ రంగూ వదిలేసుకున్న ప్రాణులు కూడా ఇంటిపేరు మాత్రం మగవాడి వైపు నుంచే తెచ్చుకోవాలన్నమాట. ఈ లోకాన్ని తప్పించుకోవడానికి భూమిలోకి దిగినా లాభం లేదు.

మ్యూజియంలో దీని మీద పుట్టాల్సిన హాస్యం పుట్టింది. "మేడమ్‌గారు ఇరవై ఏళ్ళుగా మగాడి కోసం వెతుకుతున్నారు" అని పైఅంతస్తు సీతాకోకచిలుకలాయన టీ దగ్గర అన్నాడు. అక్క పెళ్ళి చేసుకోలేదు కాబట్టి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "దొరికితే ఎడమ కాళ్ళు పీకేస్తానండీ, మీరు జాగ్రత్త" అంది. ఆయన ఆ తర్వాత టీకి వేరే వేళకు వచ్చేవాడు.

"రెండు గుహలవి చాలవా?" అని తమ్ముడు ఎన్నిసార్లో వాదించాడు. "మూడోది తర్వాత కలుపుకో."

"మూడోది ఈ ఇల్లో ఆ ఇల్లో తెలియకుండా గోడ ఎక్కడ కడతాంరా?"

"కట్టేయ్. తప్పైతే పడగొడతారు."

"నువ్వు అచ్చయ్యాక తప్పు దిద్దుతావా, అచ్చుకు ముందా?"

వాదన ఓడినంత మాత్రాన ఊరుకునే వంశం కాదు వాళ్ళది. వ్యాసం రాతప్రతిని పదకొండుసార్లు దిద్దిపెట్టాడు. ఐసోపాడ్ గురించి అతనికి వచ్చింది కామాలు ఎక్కడ పెట్టాలో మాత్రమే. అయినా ఆ రాతప్రతి తనదేనని లోలోపల ఒక నమ్మకం ఏర్పడింది. అచ్చులో అక్క పేరు చూసుకోవాలని అక్క కన్నా అతనికే తొందర. వాళ్ళావిడ కిందనుంచి అరిచేది: "వదినా, మీ తమ్ముడు ప్రెస్సులో అందరికీ చెప్పేశాడు, ఈ ఏడు వచ్చేస్తుందని! కిందటేడూ అదే చెప్పాడు!"

ఒకసారి మూడో గుహకు అతన్ని కూడా తీసుకెళ్ళింది. టార్చి పట్టుకోవడానికి ఎవరూ దొరకలేదట. ఒకరోజు బస్సు ప్రయాణం, ఆ పైన కొండవాలు మీద రెండు గంటల నడక. గుహ అంటే తమ్ముడు ఊహించుకున్నది పుస్తకాల్లో వర్ణనల్లాంటిది. విశాలంగా, గంభీరంగా, నీటిచుక్కల సంగీతంతో. అక్క చూపించింది బండల మధ్య కుక్క దూరేంత కంత.

అరగంట పాకాక అతని పొట్ట ఇరుక్కుంది.

"ఊపిరి వదిలేయ్" అంది అక్క ముందునుంచి.

"వదిలితే మళ్ళీ పీల్చుకోవాలిగా!"

"పీల్చుకోకు. ముందు ఇటు రా."

"అక్కా, నేను ఇక్కడే పోతే నా చీటీ పెన్సిలుతో రాయి."

"సీసా సరిపోదురా నీకు. రా."

లోపల మోకాలి లోతు నీళ్ళు, మంచుగడ్డల్లా. అక్క యాభై ఏళ్ళ మనిషి, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని, ఆ నీళ్ళలో వంగి, గాజుగొట్టంతో ఒక్కోదాన్నీ పీల్చి చిన్నసీసాలో వదులుతోంది. మూడు గంటల్లో ఏడు దొరికాయి. భూతద్దం పెట్టి చూసింది.

"ఏడూ ఆడవే."

"మగవాళ్ళు ఇంకా లోపల ఉన్నారేమో."

"ఏం చేస్తూ?"

"మన నాన్న ఏం చేసేవాడు? ఎప్పుడైనా కనిపించాడా?"

ఆ చలిలో, ఆ చీకట్లో, ఇద్దరూ నీళ్ళలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. టార్చి చేతిలోంచి జారి నీళ్ళలో పడి ఆరిపోయింది. అయినా నవ్వు ఆగలేదు. అక్క నవ్వితే అంత గట్టిగా ఉంటుందని తమ్ముడికి అక్కడే తెలిసింది, గుహ మళ్ళీ చెప్పింది కాబట్టి.

కిందటి సెప్టెంబరులో ఒక ఆదివారం అక్కే మెట్లు దిగి కిందికి వచ్చింది. చేతిలో పత్రిక. ఆ శాస్త్రం వాళ్ళు రెండు మూడు వందలమంది చదివే పత్రిక. కాగితం మంచిది, అచ్చు ముచ్చటైనది, తమ్ముడికి అది చూడగానే తెలిసింది. తెరిచి, బల్ల మీద అతని ముందు పెట్టింది.

వ్యాసం శీర్షిక చదివాడు. గుహ ఐసోపాడ్‌లకు కొత్త ప్రజాతి. మూడు గుహలు. బోర్లా పడిన పలక. అంతా ఉంది. కింద ఎవరో అమ్మాయి పేరు.

"ఎవరీ పిల్ల?"

"నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడో కాలేజీలో పరిశోధన చేస్తోందట. మూడో గుహలో మగది దొరికిందిరా! వానలకు ముందు వెళ్ళింది. నేను ఎప్పుడూ వానలు వెలిశాక వెళ్ళేదాన్ని. అదీ సంగతి. బొమ్మ చూడు, ఎంత బాగా—"

"నీ పేరేది?"

"ఉంది."

పేజీలు తిప్పి చూపించింది. చివర, చూసిన పుస్తకాల పట్టికలో, చీమతలకాయంత అక్షరాల్లో, వార్షిక నివేదిక, రెండు పేజీలు. నలభైమూడో అంశం. డైరెక్టరుగారు చదవని నివేదికను ఆ పిల్ల ఎక్కడో వెతికి చదివింది.

"నలభైమూడు!" అన్నాడు తమ్ముడు. "ముప్ఫై ఒక్క ఏళ్ళకి నలభైమూడో నంబరు!"

"తప్పేముందిరా, ఆ పట్టిక అక్షరక్రమంలో—"

"నీకు కోపం రాదా? రాదు. ఎందుకొస్తుంది! జీవితమంతా ఒక కాలు చూస్తూ కూర్చున్నావ్. ఎవరో వచ్చి కాలు పట్టుకుపోయారు. నువ్వేమో బొమ్మ బాగుందంటున్నావ్."

"బాగుంది కదా మరి."

"ఇల్లు కట్టింది నువ్వు, గడప మీద పేరు దానిది. చేతకానివాళ్ళంతా నీలాగే మెచ్చుకుంటారు, ఎంత బాగుందో అని."

వాళ్ళావిడ వంటింట్లోంచి వచ్చి, "ఏంటండీ ఆ మాటలు!" అంది. అక్క పత్రిక మూసింది. ఒక నిమిషం దాని అట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "టీ పెట్టనా?" అంది. "వద్దు" అన్నాడు. పత్రిక తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

తర్వాత ఐదు ఆదివారాలు తమ్ముడు మెట్లెక్కలేదు. అక్కకు జరిగిన అన్యాయం మీద అతనికి పట్టరాని కోపం. దొరికిన మనిషి మీద చూపించాలి కాబట్టి అక్క మీద చూపించాడు. అక్క తరఫున అక్కతోనే మాట్లాడడం మానేసిన తమ్ముడు చరిత్రలో ఇతనొక్కడే అయ్యుంటాడు. పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించేది. రానీ, తనే దిగి రానీ, అనుకునేవాడు. ఆమె దిగేది. గొడుగు తీసుకుని బస్సుకు వెళ్ళేది. ఆరో వారంలో ఆ గురువారం వచ్చింది.

సంతాపసభ అయిన మూడు వారాలకు ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. ఆ పత్రిక సంపాదకుడు రాసింది. తమ్ముడు అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిలు తీసుకుని, రెండు అచ్చుతప్పులు దిద్ది, మూడో పేరా దాకా వెళ్ళాక గాని తను చదువుతున్నదేమిటో అర్థం కాలేదు. పెన్సిలు కింద పెట్టి మొదటినుంచి మళ్ళీ చదివాడు.

తమ పత్రికకు వచ్చే ప్రతి వ్యాసాన్నీ అచ్చుకు ముందు ఇద్దరు నిపుణులకు పంపుతామనీ, వాళ్ళ పేర్లు బయటపెట్టమనీ, ఆమె పోయారు కాబట్టి ఇంట్లోవాళ్ళకు చెప్పడం తప్పు కాదనుకుంటున్నాననీ సంపాదకుడు రాశాడు. గుహ ఐసోపాడ్‌ల కొత్త ప్రజాతి వ్యాసం చూసిన ఇద్దరిలో ఆమె ఒకరు. రెండో ఆయన తొమ్మిది పేజీల అభ్యంతరం పంపి, పూజ్యులైన గురువులను కించపరిచే ఈ వ్యాసాన్ని తిరగ్గొట్టమన్నారు. ఆ రెండో ఆయన ఎవరో సంపాదకుడు చెప్పలేదు. తమ్ముడికి చెప్పక్కర్లేదు, ఆ తొమ్మిది పేజీల వాక్యాలు ఎలా ఉంటాయో అతను ఏనుగు పక్కన కూర్చుని విన్నాడు. మామూలుగా ఒకరు వద్దంటే పత్రికలో వేయరట. మీ అక్కగారు మాత్రం నాలుగు రోజుల్లో ఒకే పేజీ రాశారు. ఇదే పని మీద తనూ చాలా ఏళ్ళుగా ఉన్నానని ముందే చెప్పారు. ఈ అమ్మాయి ముందుగా, సంపూర్ణంగా చేసిందనీ, ప్రజాతి నిలుస్తుందనీ, అచ్చు వేయండనీ రాశారు. తన బొమ్మలు పద్నాలుగూ జతచేసి, సరిచూసుకోవడానికి ఆ అమ్మాయికి ఇవ్వమన్నారు. తన పేరు చెప్పొద్దన్నారు. అందుకే వేశాం.

ఆ పేజీ నకలు ఉత్తరంతో పాటే ఉంది. తేదీ మార్చి పదిహేడు. అక్షరాలు గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉన్నాయి.

కింద సంపాదకుడు ఇంకో రెండు వాక్యాలు రాశాడు. సెప్టెంబరు సంచిక మామూలుగా మ్యూజియం గ్రంథాలయానికే పంపుతామనీ, ఈసారి మాత్రం ఆమె తన కోసం విడిగా ఒక ప్రతి కావాలని అడిగారనీ. మా తమ్ముడు అచ్చుపని తెలిసినవాడు, అతనికి చూపించాలి, అన్నారట.